లేబుల్‌కి నూనె పూసి చూడండి

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మడం మొదలుపెట్టినవాళ్లు ఉప్పూ కారం పాళ్ల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా లేబుల్ మీద పెట్టరు. సరుకు తయారై, డబ్బాలు కొని, మొదటి ఆర్డర్ చేతికొచ్చాక, ఫోన్లో ఒక డిజైన్ పట్టుకుని ప్రింటింగ్ షాపుకి పరిగెత్తుతారు. అక్కడ మాటలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

"సైజెంతమ్మా?"

"ఈ డబ్బాకి సరిపడా ఉంటే చాలన్నా."

"ఎన్ని కావాలి?"

"ఓ వెయ్యి."

"రేపు సాయంత్రం రండి, ఇచ్చేస్తా."

డబ్బాలో ఏం పెడతారని ఆయన అడగడు, ఈవిడ చెప్పదు. షాపులో ఏ గమ్‌షీట్ ఉంటే దాని మీదే వేసి ఇచ్చేస్తాడు. పెళ్లి స్వీటు బాక్సుకైనా ఆవకాయ డబ్బాకైనా అదే షీటు. స్వీటు బాక్సు మీద అది బ్రహ్మాండంగా ఉంటుంది. ఆవకాయ డబ్బా మీద మాత్రం కొద్ది రోజుల్లోనే అంచులు గోధుమరంగుకి తిరిగి, మూలలు లేస్తాయి. దుకాణదారుడు ఆ డబ్బాని వెనక వరసలోకి తోసేస్తాడు.

అందుకని ఈ అధ్యాయంలో తలకిందుల వరసలో వెళ్దాం. డిజైన్ చివరికి. ముందు డబ్బా ఎక్కడెక్కడ తిరుగుతుందో, దాని మీద ఏమేం పడతాయో చూద్దాం. దాన్నిబట్టి మెటీరియల్, జిగురు. ఆ రెంటినిబట్టి ప్రింటింగ్ పద్ధతి. ఎవరి దగ్గర వేయించాలన్నది అప్పటికి దానంతటదే తేలిపోతుంది.

డబ్బా ఎక్కడెక్కడ తిరుగుతుంది?

అరకిలో ఆవకాయ డబ్బానే తీసుకోండి. నింపేటప్పుడు మూతి దగ్గర నూనె జారుతుంది. గుడ్డతో తుడుస్తాం గానీ, పల్చటి జిడ్డు పొర మిగిలే ఉంటుంది. లేబుల్ అంటించేది ఆ పొర మీదే. తర్వాత అట్టపెట్టెలో పక్క డబ్బాతో రాసుకుంటూ, మే నెల ఎండలో పార్సిల్ లారీ ఎక్కుతుంది. కిరాణా షాపులో ముందు వరసలో పెడితే మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. ఇంటికెళ్లాక పొయ్యి గట్టు పక్కన చోటు. రోజూ జిడ్డు చేత్తోనే దాన్ని పట్టుకుంటారు. కొందరు ఫ్రిజ్‌లో పెడతారు, బయటికి తీసిన ప్రతిసారీ డబ్బాకి చెమ్మ పడుతుంది. ఇంకొన్ని డబ్బాలు సూట్‌కేసులో బట్టల మధ్య డాలస్ దాకా పోతాయి.

నూనె, నీరు, ఎండ, రాపిడి. మీ సరుక్కి వీటిలో ఏది బెడదో ఒక కాగితం మీద రాసుకోండి. కందిపొడికి రాపిడి ఒక్కటే. నెయ్యికి, గానుగ నూనెకి జిడ్డు. తేనె సీసా చేతికి అంటుకుంటుంటే జనం కుళాయి కింద పెట్టి కడుగుతారు కాబట్టి దానికి నీటి బెడద. చిరుధాన్యాల రవ్వ, అటుకుల ప్యాకెట్లకి ఏ బెడదా లేదు. వాటికి మామూలు కాగితం లేబుల్ చాలు, ఖరీదైన మెటీరియల్ వేయిస్తే డబ్బు దండగ. అన్ని సరుకులకీ ఒకే రకం లేబుల్ ఉండాలన్న పంతం అక్కర్లేదు. రంగులూ పేరూ ఒకేలా ఉంటే చాలు, కింది మెటీరియల్ ఏదైనా కొనేవాళ్లకి అన్నీ ఒక ఇంటి సరుకులానే కనిపిస్తాయి.

కాగితమా, ఫిల్మా?

షాపుల్లో మిర్రర్‌కోట్ అనేది నున్నగా మెరిసే కాగితం. క్రోమో మెరుపు దానికంటే కాస్త తక్కువ. రెండూ కాగితాలే. పైన లామినేషన్ ఉంది కదా, నూనె ఏం చేస్తుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. లామినేషన్ పైముఖాన్ని మాత్రమే కాపాడుతుంది. లేబుల్ కోసిన అంచు దగ్గర కాగితం నారలు తెరుచుకునే ఉంటాయి. ఒక్క చుక్క నువ్వుల నూనె ఆ అంచుకి తాకించి మర్నాడు చూడండి. అంచు నుంచి లోపలికి మరక పాకి ఉంటుంది. అక్కడ రంగు ముదిరి, వెలుతురుకి పట్టి చూస్తే కాగితంలోంచి అవతలి వెలుగు కనిపిస్తుంది. పైన లామినేషన్ చెక్కుచెదరకుండా తళతళలాడుతూనే ఉంటుంది.

జిడ్డు సరుకులకి ఫిల్మే వాడాలి. ఎక్కువగా దొరికేది పీపీ, అంటే పాలీప్రొపైలిన్. తెల్లది, పారదర్శకమైనది, వెండి రంగుది ఉంటాయి. నూనెనీ నీళ్లనీ పీల్చదు. పీపీ అని చెప్పి మిర్రర్‌కోట్ ఇస్తున్నారేమోనని అనుమానం వస్తే మూల పట్టుకుని చించండి. కాగితమైతే తెల్లటి నారలు చూపిస్తూ చిరుగుతుంది. పీపీ సాగుతుంది, గోటితో గంటు పెడితే తప్ప చిరగడం మొదలవదు. నొక్కి వాడే మెత్తటి సీసాల మీద పీపీ కూడా ముడతలు పడుతుంది కాబట్టి వాటికి పీఈ అనే ఇంకా మెత్తటి ఫిల్మ్ అడగండి. పాలిస్టర్ వీటన్నిటికంటే గట్టిది. యంత్రాల మీద, రసాయనాల డ్రమ్ముల మీద వాడతారు. పచ్చడికి అంత అవసరం లేదు.

పారదర్శక లేబుల్ మీద ఆశపడేవాళ్లు చాలామంది. లోపలి సరుకు కనబడుతుందని. కానీ మామూలు నాలుగు రంగుల సిరాలు వాటంతటవి కూడా పారదర్శకమే. కింద తెలుపు లేకపోతే పసుపు అక్షరం ఎర్రటి పచ్చడి మీద పడి మాయమైపోతుంది. "మీ మిషన్లో వైట్ ఇంక్ ఉందా?" అని ముందే అడగండి. లేదంటే తెల్ల పీపీకి వెళ్లిపోండి. నన్నడిగితే, నూనె పైకి తేలి ముక్కలు అడుక్కి దిగే సరుక్కి పారదర్శక లేబుల్ అందం తేదు. నెయ్యికి, తేనెకి మాత్రం దాన్ని మించింది లేదు.

జిగురు సంగతి

లేబుల్ వెనక జిగురు గురించి కొనేవాళ్లు అడగరు, అడక్కపోతే షాపువాళ్లు చెప్పరు. ప్రధానంగా రెండు రకాలు. హాట్‌మెల్ట్ జిగురు తాకగానే పట్టేస్తుంది, అట్టపెట్టెలకి హాయి. ఎండలో, వేడిలో మెత్తబడి లేబుల్ పక్కకి జరుగుతుంది. అక్రిలిక్ జిగురు నెమ్మదిగా బిగుస్తుంది. పూర్తి పట్టు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది గానీ ఎండకీ వేడికీ నిలుస్తుంది. అక్రిలిక్ వాడితే అంటించిన గంటలోనే పెట్టెలో కుక్కకండి, మర్నాటిదాకా ఆగండి. ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో ఉండే సరుకైతే ఆ మాట చెప్పి దానికి తగ్గ జిగురున్న షీటే తీసుకోండి.

డబ్బాని తిరగేసి అడుగు చూడండి. చిన్న త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 ఉంటే పెట్, 2 ఉంటే హెచ్‌డీపీఈ, 5 ఉంటే పీపీ. గాజు మీదా పెట్ మీదా జిగురు బాగా పట్టుకుంటుంది. 2, 5 అంకెల డబ్బాల మీద పట్టు తక్కువ. ప్రింటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఫొటో సరిపోదు, ఖాళీ డబ్బానే చేత పట్టుకెళ్లండి.

వీలైతే నింపకముందే, డబ్బా శుభ్రంగా పొడిగా ఉన్నప్పుడే లేబుల్ అంటించేయండి. సగం సమస్యలు అక్కడే పోతాయి. నింపాకే అంటించక తప్పకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఆ చోటు తుడిచి, ఆరాక అంటించండి. వేడి నెయ్యి పోసిన సీసాకైతే అది చల్లారేదాకా లేబుల్ జోలికి పోవద్దు.

ఆకారం కూడా చూసుకోవాలి. ఒక నిటారు కాగితపు పట్టీ కోసి డబ్బా చుట్టూ తిప్పండి. రెండు కొసలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కలిస్తే డబ్బా నిటారుగా ఉన్నట్టు. ఒక కొస పైకీ ఒకటి కిందికీ పోతే డబ్బా అడుగుకి సన్నబడుతున్నట్టు. అలాంటి డబ్బాకి నిటారు లేబుల్ ఎంత జాగ్రత్తగా అంటించినా ఒక పక్క ఉబ్బుతుంది. వంపు లేబుల్ చేయించాలి, లేదా చుట్టూ తిప్పకుండా ముందొకటి, వెనకొకటి చిన్నవి అంటించాలి.

ఇప్పుడు పరీక్ష. వెయ్యి లేబుళ్లకి డబ్బు కట్టేముందు, అసలు వాడబోయే మెటీరియల్ మీదే నాలుగైదు అచ్చువేసి ఇమ్మనండి. నిండు డబ్బాలకి అంటించండి. ఒకదానికి అంచుల వెంబడి నూనె పూయండి. ఒకదాన్ని రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి పెడుతూ ఉండండి. ఒకటి మేడ మీద ఎండలో. ఇంకొకదాన్ని తడి గుడ్డతో, తర్వాత గోటితో గట్టిగా రుద్దండి. వారం తర్వాత ఆ డబ్బాలే షాపుకి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి. మీరు ఏం చెప్పక్కర్లేదు, మెటీరియల్ మార్చాలో వద్దో ఆయనే చూసి చెప్తాడు.

ఎవరి దగ్గర, ఏ మిషన్ మీద?

వందల్లో కావాలంటే ఊళ్లోని డిజిటల్ ప్రింటింగ్ షాపే దారి. ప్లేట్లు అక్కర్లేదు, షీట్ మీద అచ్చువేసి హాఫ్ కట్ చేసి ఇస్తారు. లేబుల్ వరకే కోసి కింది కాగితాన్ని వదిలేయడమే హాఫ్ కట్. ఇంక్‌జెట్ మీద వేస్తుంటే సిరా డైనా, పిగ్మెంటా అని అడగండి. డై సిరా తడి తగిలితే పాకుతుంది, పిగ్మెంట్ చాలావరకు నిలుస్తుంది. ఇంట్లో లేజర్ ప్రింటర్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. అందులో కాగితం దాదాపు 200 డిగ్రీల వేడి రోలర్ల మధ్య నుంచి వెళ్తుంది. ఇంక్‌జెట్ కోసం చేసిన ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు అందులో పెడితే కరిగి ఆ రోలర్లకి చుట్టుకుంటుంది. లేబుల్ మాట దేవుడెరుగు, ప్రింటరే పోతుంది.

వేలల్లోకి వెళ్లాక లెక్క మారుతుంది. రోల్స్ మీద ఫ్లెక్సో పద్ధతిలో అచ్చువేసేవాళ్లు రంగుకో ప్లేటు, ఆకారానికో డై (లేబుల్‌ని కోసే అచ్చు) చేయిస్తారు. లెక్క కోసం ఈ రెంటికీ కలిపి 6,000 రూపాయలు అయిందనుకుందాం. వెయ్యి లేబుళ్లే వేయిస్తే ఒక్కోదాని మీద 6 రూపాయలు ఆ ఖర్చే పడుతుంది. 20,000 వేయిస్తే 30 పైసలు. రెండోసారి ప్లేట్ల ఖర్చు ఉండదు కాబట్టి ఆ ప్లేట్లూ డై ఎవరివో బిల్లు మీద రాయించుకోండి. షాపు మారాల్సి వచ్చినప్పుడు ఈ ఒక్క ముక్క దగ్గరే తగువులు వస్తాయి. డిజైన్ ఫైల్ కూడా అంతే. తెరిచి మార్చుకోగల ఫైల్ మీ దగ్గర ఉండాలి, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ దేనికీ పనికిరాదు.

రోల్స్ తీసుకుంటే మీ మిషన్‌కి పట్టే సైజు కూడా చెప్పాలి. టేబుల్ మీద పెట్టుకునే చిన్న ప్రింటర్లు సాధారణంగా 1 అంగుళం గొట్టం ఉన్న రోల్ తీసుకుంటాయి, పెద్ద మిషన్లకి 3 అంగుళాలది.

ఇక ఇంట్లో పెట్టుకునే థర్మల్ ప్రింటర్. కొరియర్ బిల్లుల కోసం కొన్న మిషన్ ఎలాగూ ఉంది కదా, డబ్బాలకీ అదే వాడేద్దాం అనుకుంటారు. అది రిబ్బన్ లేని డైరెక్ట్ థర్మల్. వేడికి నల్లబడే కాగితం మీద అచ్చు వస్తుంది. అదే కాగితం పొయ్యి పక్కన నల్లబడుతుంది, ఎండలో వెలిసిపోతుంది, నూనె తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి. ఏ కాగితమో తెలియకపోతే గోటితో చర్రున గీయండి. నల్ల గీత పడితే అది థర్మల్ కాగితం. నాలుగు రోజుల్లో చింపి పారేసే కొరియర్ బిల్లుకి సరే, ఆరు నెలలు ఉండాల్సిన డబ్బాకి కాదు.

రిబ్బన్ ఉండే థర్మల్ ట్రాన్స్‌ఫర్ మిషన్ వేరు. రిబ్బన్లలో వ్యాక్స్, వ్యాక్స్-రెజిన్, రెజిన్ అని మూడు. కాగితానికి వ్యాక్స్ చాలు. ఫిల్మ్ మీద వ్యాక్స్ వాడితే బొటనవేలితో రుద్దగానే పోతుంది. పీపీకి రెజినైనా, కనీసం వ్యాక్స్-రెజినైనా ఉండాలి.

చిన్న వ్యాపారానికి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. మారని విషయాలు, అంటే పేరు, బొమ్మ, పదార్థాల జాబితా, చిరునామా రంగుల్లో బయట అచ్చువేయించండి. మారేవి, అంటే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, ధర, ఇంట్లో థర్మల్ ట్రాన్స్‌ఫర్ మీదో తేదీ కోడింగ్ గన్‌తోనో వేసుకోండి. దీనికోసం లేబుల్ మీద ఒక తెల్ల గడి వదలాలి. ఆ గడి మీద లామినేషన్, వార్నిష్ వేయొద్దని ఫైల్లో గుర్తుపెట్టి మరీ చెప్పండి. నున్నటి లామినేషన్ మీద స్టాంపు సిరా ఆరదు, తుడిస్తే తేదీ చేతికొచ్చేస్తుంది.

తెలుగు అక్షరాలు

ఇది ఇంగ్లీషు లేబుళ్లవాళ్లకి లేని చిక్కు. ఊళ్లోని డీటీపీ ఆపరేటర్లలో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో పనిచేస్తారు. మీరు ఫోన్లో టైపు చేసేది యూనికోడ్. అది ఆయన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పడ్డప్పుడు సెట్టింగు సరిగ్గా లేకపోతే వత్తులు విడిపోతాయి. "పచ్చడి" కాస్తా "పచ్‌చడి" అవుతుంది. ఇంగ్లీషు అక్షరదోషాన్ని పట్టుకునే ఆపరేటర్ దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాడు, ఎందుకంటే రోజూ చూస్తుంటాడు. ప్రూఫ్ మీద అక్షరాలు సరిచూశాక, టెక్స్ట్‌ని కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతలుగా మార్చి అచ్చుకి పంపమనండి. అప్పుడు ఏ మిషన్ మీదికి వెళ్లినా వత్తు కదలదు.

థర్మల్ ప్రింటర్లో తెలుగు అచ్చువేయాలంటే ఇంకో లెక్క. 203 డీపీఐ మిషన్ మిల్లీమీటరుకి 8 చుక్కలే వేస్తుంది. 2 మిల్లీమీటర్ల ఎత్తులో "స్త్రీ" అని రాస్తే అక్షరం, రెండు వత్తులు, గుడిదీర్ఘం అన్నీ కలిసి 16 చుక్కల్లో ఇరుక్కోవాలి. నల్లటి ముద్ద వస్తుంది. 300 డీపీఐ అయితే మిల్లీమీటరుకి దాదాపు 12 చుక్కలు, కాస్త నయం. అసలు మార్గం తెలుగంతా బయట రంగుల్లో వేయించి, థర్మల్‌కి అంకెలు మాత్రమే వదలడం.

తప్పనిసరిగా ఉండాల్సినవి

ఆహార పదార్థాల లేబుల్ మీద ఏం ఉండాలో 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనలూ, 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్సూ చెప్తాయి. వాటిని ఒకసారి పూర్తిగా చదవండి. ఇక్కడ జనం ఎక్కువగా జారిపోయే చోట్లు మాత్రం చెప్తాను. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు నంబరు. బరువులో ఎక్కువున్నది ముందు వచ్చేలా పదార్థాల వరస. అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ, దాంతోపాటు యూనిట్ ధర. ఫిర్యాదులకి ఫోన్ నంబరు. శాకాహార గుర్తు ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ వృత్తం. ముందు భాగం 100 చదరపు సెంటీమీటర్ల లోపున్నా వృత్తం వ్యాసం కనీసం 3 మిల్లీమీటర్లు, చతురస్రం భుజం దానికి రెట్టింపు. రొయ్యల పచ్చడి, కోడి పచ్చడి చేసేవాళ్లు చాలామంది పాత లేబుళ్ల అలవాటులో గోధుమరంగు వృత్తమే వేస్తున్నారు. 2020 నిబంధనల ప్రకారం అది త్రికోణం. రంగు తెలియనివాళ్లు కూడా ఆకారాన్నిబట్టి గుర్తుపట్టగలరు.

ధర పెరిగిందని పాత ఎంఆర్‌పీ మీద కొత్త స్టిక్కర్ అంటించడానికి వీల్లేదు. ధర తగ్గిస్తే స్టిక్కర్ వేయొచ్చు, అప్పుడూ పాత ధర కప్పకూడదు. ధరని ముందే అచ్చువేయించొద్దని చెప్పడానికి ఇదో కారణం. పొట్లాల లోపల స్లిప్పులు వేసేవాళ్లకి ఇంకో మాట: 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అచ్చు ఉన్న వైపు ఆహారానికి నేరుగా తగలకూడదు, సిరా ఐఎస్ 15495 ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి.

సరుకు బయటి దేశాలకి పంపేవాళ్లు అలెర్జీ వివరాలు ఆ దేశం ప్రకారం రాయాలి. మన దేశపు జాబితాలో వేరుశనగ, పాలు, గోధుమ లాంటివి ఉన్నాయి గానీ నువ్వులు, ఆవాలు లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు అక్కడి జాబితాలో చేరాయి. బ్రిటన్ జాబితాలోని 14 పేర్లలో నువ్వులూ, ఆవాలూ రెండూ ఉన్నాయి. లండన్‌కి వెళ్లే ఆవకాయ డబ్బా మీద ఆవపిండి అలెర్జీ వివరంగా కొట్టొచ్చినట్టు కనబడాలన్నమాట. విదేశాలకి వేరే వెనక లేబుల్ వేయించడం తేలిక.

బార్‌కోడ్ వేసేవాళ్లకి రంగు గురించి ఒక్క మాట. స్కానర్లు ఎక్కువగా ఎర్రటి కాంతితో చదువుతాయి. ఎర్ర గీతలు దానికి తెలుపుగానే కనిపిస్తాయి. కారం డబ్బాకి నప్పుతుందని బార్‌కోడ్ ఎర్రగా వేయిస్తే సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర బీప్ రాదు. తెలుపు మీద నలుపే వేయించండి. ఈఏఎన్-13 కోడ్ అసలు వెడల్పు 37.29 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం కంటే తక్కువకి కుదించొద్దు. సన్నటి సీసా అయితే గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేట్టు తిప్పి వేస్తే వంపు మీద కూడా చదువుతుంది.

ఎన్ని వేయించాలి?

తక్కువ ధరకి వస్తుందని మొదటిసారే 20,000 వేయించొద్దు. మొదటి ఏడాదిలో చిరునామా మారుతుంది, పదార్థాల పాళ్లు మారతాయి, రిజిస్ట్రేషన్ నుంచి లైసెన్సుకి వెళ్తే నంబరే మారుతుంది. మూడు నెలల అమ్మకానికి సరిపడా వేయించి ఆగండి. మొదటి ముద్రణలోని ఒక లేబుల్ మీద మీరూ ప్రింటరూ సంతకాలు చేసి ఫైల్లో దాచండి. రెండోసారి పసుపు ముదిరిందా, ఎరుపు చప్పబడిందా అన్న వాదన వస్తే దాన్ని పక్కన పెట్టి చూడొచ్చు. ఫోన్ తెర మీద కనిపించే రంగుకీ, పీపీ మీద దిగే రంగుకీ పోలిక ఉండదు.

మిగిలిన రోల్స్ వంటింట్లో పెట్టకండి. ఆవిరికీ నూనె పొగకీ అంచులు పాడవుతాయి, వేడికి జిగురు పక్కలకి ఊరి దుమ్ము పట్టుకుంటుంది. వచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఉంచి, చదునైన పక్క కిందికి వచ్చేలా పడుకోబెట్టి, నీడపట్టున అలమరాలో పెట్టండి. కవరు మీద తెచ్చిన తేదీ రాసి పాతదాన్ని ముందు వాడండి. ఏడాది దాటిన రోల్ అయితే వాడేముందు రెండు లేబుళ్లు తీసి డబ్బాకి అంటించి, మర్నాడు మూల పట్టుకుని లాగి చూడండి.